క్రిస్మస్ ఉదయం చిన్నపిల్లల టిఫిన్: రంగు పొడి లేకుండా ఎరుపు, ఆకుపచ్చ ఎలా?

కొత్తపేట_సిస్టర్ · డిసెంబర్ 19, రాత్రి 9:12

అందరికీ వందనాలు. 25న ఆరాధన ఉదయం 9:30కి, ఇంట్లో టిఫిన్లు 7:30కల్లా అయిపోవాలి. పెద్దవాళ్ళకి ఎలాగూ గారెలు, నాటుకోడి పులుసు ఉన్నాయి. పిల్లలు ఇద్దరు: ఒకరికి 14 నెలలు, ఇంకొకరికి రెండున్నరేళ్ళు. పళ్ళెం చూడగానే పండగలా ఉండాలి. స్టారో చెట్టో కనిపించాలి. రంగు పొడులు, పంచదార వద్దు. ఇడ్లీ, గుడ్డు, కోడి, గోధుమ, పాలు ఇద్దరికీ అలవాటే. చిన్నదానికి పల్లీలు ఇంకా పెట్టలేదు. ఇడ్లీ కుక్కర్, గుంత పొంగనాల పెనం, మిక్సీ ఉన్నాయి, ఓవెన్ లేదు. కొలతలతో చెప్పగలరా?

పిల్లల_పోషణ · డిసెంబర్ 19, రాత్రి 9:40

వంటల సంగతి మిగతావాళ్ళు చెప్తారు. నేను చెప్పేది ఒకటే: ఆ రోజు కొత్త పదార్థం ఏదీ పెట్టకండి. కొత్తదనం ఆకారంలో ఉండాలి, రంగులో ఉండాలి. లోపలిది మాత్రం వాళ్ళు రోజూ తినేదే అయ్యుండాలి. పల్లీ చట్నీ మొదటిసారి నాకించడానికి క్రిస్మస్ ఉదయం అస్సలు మంచి సమయం కాదు. దద్దుర్లు వస్తే అది పల్లీ వల్లా, ఎవరో నోట్లో పెట్టిన కేకు వల్లా అన్నది తేలదు. పైగా పండగపూట డాక్టరు దొరకడం కష్టం. పల్లీలు జనవరిలో ఓ మామూలు రోజు, ఉదయంపూట మొదలుపెట్టండి.

ఎంత తింటారు అన్నదానికి: ఏడాది నుంచి రెండేళ్ళ లోపు పిల్లలకి ఒక పూటకి 250 మి.లీ. కప్పుతో ముప్పావు నుంచి ఒక కప్పు. అదీ ఆకలుంటేనే. ఆరింటికి గ్లాసుడు పాలు పట్టించి ఏడున్నరకి ఇడ్లీ తినలేదంటే తప్పు ఇడ్లీది కాదు. పాలు టిఫిన్ తర్వాత, చిన్న కప్పుతో. రోజు మొత్తానికి 400–500 మి.లీ. దాటకూడదు, దాటితే తిండి తగ్గి ఐరన్ లోటు వస్తుంది.

తెనాలి_రోలు · డిసెంబర్ 19, రాత్రి 10:25

ఇడ్లీ పిండితోనే మొత్తం లాగించెయ్యొచ్చు సిస్టర్. కొలతలు రాస్కోండి.

మినపగుళ్ళు 1 కప్పు, ఇడ్లీ రవ్వ 2 కప్పులు. గుళ్ళు 4–5 గంటలు నానాక రుబ్బండి. రవ్వ కడిగి, నీళ్ళు పోయేలా గట్టిగా పిండేసి అందులో కలపండి. డిసెంబరు చలిలో పిండి పులవడానికి 12–14 గంటలు పడుతుంది, ఎండాకాలపు లెక్క పనికిరాదు. అందుకని 23 రాత్రి రుబ్బితే 24 మధ్యాహ్నానికి పొంగుతుంది, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టెయ్యండి. 24 సాయంత్రం రుబ్బి 25 ఉదయానికి పులుస్తుందనుకుంటే, పొద్దున్న రాయిలాంటి ఇడ్లీలే. ఉప్పు వేయకముందే పిల్లల కోసం రెండు కప్పుల పిండి వేరే గిన్నెలోకి తీసెయ్యండి. ఉప్పు లేకపోయినా బాగానే పులుస్తుంది.

ఎరుపు: ఓ మోస్తరు బీట్‌రూట్ (100 గ్రాములు), తొక్క తీయకుండా, పైన కాడ అంగుళం ఉంచి ఆవిరి మీద 20–25 నిమిషాలు ఉడికించండి. కోసి ఉడికిస్తే రంగంతా నీళ్ళలోకి పోతుంది. చల్లారాక తొక్క తీసి, చుక్క నీళ్ళు పోయకుండా మెత్తగా రుబ్బండి. కప్పు పిండికి 2 టేబుల్ స్పూన్లు, అంతే. నాలుగు వేస్తే రంగు పెరగడం సంగతేమో గానీ ఇడ్లీ మాత్రం జిగురుగా, మధ్యలో పచ్చిగా మిగిలిపోతుంది. బీట్‌రూట్‌లో పొంగే గుణం లేదు కదా, ఉన్న పులుపు గాలినంతా కూలదోస్తుంది. ఇంకో మాట: తెల్ల పిండిలో ముదురు గులాబీ వస్తుందే తప్ప సాంటా టోపీ ఎరుపు రాదు. ఫోటోల్లో నిప్పులా మెరిసే ఎర్ర ఇడ్లీలు రంగు సీసావే.

స్టార్: ఇడ్లీ గుంటల్లో స్టార్ రాదు. 20 సెం.మీ. స్టీలు పళ్ళేనికి నెయ్యి రాసి, ఒక కప్పు (200 మి.లీ.) పిండి పోసి, పళ్ళెం కాస్త తట్టి సమం చేయండి. నీళ్ళు మరిగాకే లోపల పెట్టి 9–10 నిమిషాలు. వేలిమందం పలకలా వస్తుంది. ఇక్కడ తొందరపడకండి. వేడివేడిగా కట్టర్ నొక్కితే అంచులు కట్టర్‌కే అంటుకుని స్టార్ కొనలు విరిగిపోతాయి. పది నిమిషాలు ఆరనిచ్చి, కట్టర్‌ని ప్రతిసారీ నీళ్ళలో ముంచి, తిన్నగా కిందికి నొక్కి, తిప్పకుండా పైకి తీయండి. 4 సెం.మీ. కట్టర్‌తో 20 సెం.మీ. పళ్ళెంలో పది, పన్నెండు స్టార్లు వస్తాయి. మిగిలిన ముక్కలు నలిపి ఇడ్లీ ఉప్మా చేస్తే పెద్దవాళ్ళకి సరి.

కట్టర్ లేకపోతే కత్తితో డైమండు ముక్కలు కోసి ఐదింటిని కొనలు మధ్యకు చేర్చి పేర్చండి. పిల్లల కంటికి అదీ స్టారే.

డాలస్_నాన్న · డిసెంబర్ 20, ఉదయం 6:05

రోలు గారూ, ఎరుపు సరే. ఆకుపచ్చ సంగతేంటి? పాలకూర కలిపి ఇడ్లీ పెడితే కుక్కర్‌లోకి వెళ్ళేటప్పుడు చిలకపచ్చ, బయటికొచ్చేసరికి మిలిటరీ రంగు. ప్రతిసారీ ఇంతే. చిటికెడు సోడా వేస్తే నిలుస్తుందని ఓ వీడియోలో చెప్పారు. నిజమేనా?

తెనాలి_రోలు · డిసెంబర్ 20, ఉదయం 7:30

నిలుస్తుంది, కానీ వేయకండి. పాలకూర పచ్చదనం క్లోరోఫిల్‌ది. దాని నడిమధ్యన మెగ్నీషియం ఉంటుంది. పులిసిన పిండిలోని ఆమ్లానికి వేడి తోడైతే ఆ మెగ్నీషియం ఊడిపోయి ఆకుపచ్చ కాస్తా మాగిన ఆలివ్ రంగుకి తిరుగుతుంది. బీట్‌రూట్ రంగు వేరే జాతి, దానికి కాస్త పులుపుంటేనే బాగుంటుంది. అందుకే ఒకే పిండిలో ఎరుపు బతుకుతుంది, పచ్చ చస్తుంది. సోడా వేశారంటే తలకిందులవుతుంది: పచ్చ నిలుస్తుంది, ఎరుపు కమిలి గోధుమరంగు అవుతుంది.

విరుగుడు మన వంటింట్లోనే ఉంది: పెసర పిండి. అది పులవదు కాబట్టి పచ్చ చెడదు. పొట్టు పెసలు 1 కప్పు, బియ్యం గుప్పెడు, 6 గంటలు నాననిచ్చి రుబ్బండి. అల్లం, పచ్చిమిర్చి పిల్లల వాటాలో వద్దు, జీలకర్ర పావు టీస్పూను చాలు. పాలకూర 15–20 ఆకులు మరిగే నీళ్ళలో 30 సెకన్లు ముంచి, చన్నీళ్ళలో వేసి, గట్టిగా పిండి, పిండితో కలిపి రుబ్బితే కంటికింపైన పచ్చ.

పిల్లల_పోషణ · డిసెంబర్ 20, ఉదయం 8:10

సోడా గురించి ఇంకో మాట. పావు టీస్పూనులోనే 300 మి.గ్రా. పైచిలుకు సోడియం ఉంటుంది. ఏడాది నుంచి మూడేళ్ళ లోపు పిల్లలకి రోజంతటికీ 2 గ్రాముల ఉప్పు, అంటే సుమారు 800 మి.గ్రా. సోడియం హద్దు. రంగు కోసం అందులో మూడో వంతు ఖర్చుపెట్టడం దేనికి? సోడాకి బి1 విటమిన్ కూడా నశిస్తుంది.

డాలస్_నాన్న · డిసెంబర్ 20, ఉదయం 8:22

పెసరట్టు! ఇంత దగ్గర్లో పెట్టుకుని పాలకూర ఇడ్లీలతో కుస్తీ పట్టాను. చెట్టు ఆకారం ఎలా?

తెనాలి_రోలు · డిసెంబర్ 20, ఉదయం 9:00

పెనం మీద అరచేతి వెడల్పు అట్టు పోయండి, పల్చగా కాదు, ఊతప్పం మందం. పల్చటి పెసరట్టు కరకరలాడుతుంది, అంచులు చిన్నపిల్లల చిగుళ్ళకి గుచ్చుకుంటాయి. సన్న సెగ మీద మూతపెట్టి 3 నిమిషాలు, తిప్పి నిమిషం. ఎర్రగా కాల్చకండి, పచ్చ పోతుంది. దాన్ని పిజ్జాలా ఆరు త్రికోణాలు కోసి, మూడింటిని ఒకదాని మీదొకటి కొన పైకి వచ్చేలా పళ్ళెంలో పేర్చండి. చెట్టు మొదలుకి అరటిపండు ముక్క, పైన గులాబీ ఇడ్లీ స్టార్. పళ్ళెం నిండిపోయింది.

అక్కడ మీకు చలి కాబట్టి ఇడ్లీ పిండిని ఓవెన్‌లో పెట్టి లైటు మాత్రం వేసి వదిలెయ్యండి. ఓవెన్ ఆన్ చేయొద్దు. తలుపు మీద ‘లోపల పిండి ఉంది’ అని చీటీ అంటించండి, ఎవరైనా కేకు కోసం వేడిచేస్తే పిండి గిన్నెతో సహా వెళ్ళిపోతుంది.

అమ్మమ్మ_పద్ధతి · డిసెంబర్ 20, ఉదయం 11:45

ఇన్ని రంగులెందుకమ్మా? కాస్త బెల్లం, నెయ్యి వేసి సేమ్యా పాయసం పెట్టండి, పండగ అంటే తీపి. బెల్లం ఆరోగ్యమే కదా, అందులో ఐరన్ కూడా ఉంటుంది.

పిల్లల_పోషణ · డిసెంబర్ 20, మధ్యాహ్నం 12:20

అమ్మమ్మ గారూ, బెల్లం రుచిలో పంచదారకన్నా మేలు, లెక్కలో మాత్రం పంచదారే. అందులోని ఐరన్ మన పిల్లల అవసరానికి చాలాలంటే చెంచాల లెక్కన కాదు, చాలా ఎక్కువ బెల్లం తినాలి. రెండేళ్ళ లోపు పిల్లలకి విడిగా కలిపిన తీపి వద్దనేది పిల్లల డాక్టర్లు చెప్పే మాట. తేనె కూడా తీపి లెక్కలోకే వస్తుంది. పైగా ఏడాది నిండని పిల్లలకి తేనె చుక్క కూడా పనికిరాదు, వంటలో మరిగించినా సరే. అందులో ఉండే, బాట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెచ్చే బీజాలు ఇంటి వంట వేడికి చావవు. ఆ రోజు ఇంటికి చుట్టాల పసిపిల్లలు కూడా వస్తారు కాబట్టి చెప్తున్నా.

పాయసానికి దారి ఉంది. గింజ తీసిన ఖర్జూరాలు 6, అరకప్పు వేడినీళ్ళలో అరగంట నాననిచ్చి రుబ్బండి. 1 కప్పు పాలల్లో నెయ్యిలో వేపిన సేమ్యా 2 టేబుల్ స్పూన్లు పూర్తిగా మెత్తబడేదాకా ఉడికించి, దించి, గోరువెచ్చగా అయ్యాక ఖర్జూరం గుజ్జు 2 టేబుల్ స్పూన్లు కలపండి.

అమ్మమ్మ_పద్ధతి · డిసెంబర్ 20, మధ్యాహ్నం 12:41

దించాక కలపమనడం బాగుంది. పొయ్యి మీదే బెల్లం వేసి పాలు విరిగాయని ఏడ్చేవాళ్ళు ఎందరో. బెల్లంలో పులుపు ఉంటుంది, వేడి పాలకి అది చాలు. రెండున్నరేళ్ళ దానికైనా పాకం బెల్లం కాస్త వేసుకోండి, నేను ఊరుకోను.

పిల్లల_పోషణ · డిసెంబర్ 20, మధ్యాహ్నం 12:50

పెద్దదానికి ఒక టీస్పూను బెల్లం, అమ్మమ్మ గారి ఖాతాలో. జీడిపప్పు మాత్రం ఇద్దరికీ పొడి చేసే వేయాలి. ఐదేళ్ళ లోపు పిల్లలకి పలుకులుగా జీడిపప్పు, బాదం పెట్టకూడదు. ఎండుద్రాక్ష నాననిచ్చి సన్నగా తరగండి. సగ్గుబియ్యం వాడితే తెల్లటి చుక్క కనిపించనంతగా ఉడకాలి.

బెజవాడ_బేకింగ్ · డిసెంబర్ 20, సాయంత్రం 5:15

సిస్టర్‌కి గుంత పొంగనాల పెనం ఉందన్నారు కదా. దానితో బంతుల్లాంటి అరటిపండు పొంగనాలు వస్తాయి, చెట్టుకి వేలాడే గుండ్రటి బొమ్మల్లా ఉంటాయి.

బాగా మగ్గిన చక్రకేళి లేదా అమృతపాణి 1, గోధుమపిండి 4 టేబుల్ స్పూన్లు, రాగిపిండి 1 టేబుల్ స్పూను, పాలు 3 టేబుల్ స్పూన్లు, యాలకుల పొడి చిటికెడులో సగం. గరిటెతో తీస్తే జారకుండా తొణకాలి. పది నిమిషాలు నాననివ్వండి, రాగిపిండి తడి పీల్చుకుంటుంది. అప్పుడు గట్టిపడితే ఇంకో చెంచా పాలు. గుంటకి రెండు చుక్కల నెయ్యి, ముప్పావు వంతు పిండి, సన్న సెగ, మూతపెట్టి 3 నిమిషాలు, తిప్పి 2 నిమిషాలు. ఈ కొలతకి 8–9 వస్తాయి.

ఎక్కడ చెడుతుంది: అరటిపండులోని తీపి త్వరగా మాడుతుంది. మధ్య సెగ పెట్టినా పైన నల్లగా, లోపల పచ్చిగా ఉంటుంది. పుల్ల గుచ్చి పొడిగా వస్తేనే తీయండి. మధ్య గుంట ఎప్పుడూ ముందు కాలుతుంది, చుట్టూ ఉన్నవాటిని ముందు నింపి దాన్ని చివర్లో నింపండి. తీసిన వెంటనే చేతికివ్వకండి. పైన చల్లారినా లోపల సలసలలాడుతుంటుంది. రెండుగా చీల్చి ఐదు నిమిషాలు ఆరనివ్వండి. 14 నెలల పాపకి నాలుగు ముక్కలు, గుండ్రంగా వద్దు.

కొత్తపేట_సిస్టర్ · డిసెంబర్ 20, రాత్రి 8:50

ఇవన్నీ చేసేస్తా. ఇంకో రెండు అనుమానాలు. పెద్దవాళ్ళు కోడి తింటుంటే పెద్దది ఊరుకోదు, దానికీ కావాలి. నాటుకోడి పులుసులోంచి ముక్క కడిగి పెట్టొచ్చా? రెండోది, బేకరీ ప్లమ్ కేకు.

తెనాలి_రోలు · డిసెంబర్ 20, రాత్రి 9:25

కడిగి పెట్టడం వద్దు. కారం కడిగితే పోదు, ముక్కలోకి దిగిపోయి ఉంటుంది. నాటుకోడితో ఇంకో చిక్కు, సన్న ఎముకలు. ఎక్కువ కూతలు పెట్టేసరికి అవి చిట్లి ముక్కకి అంటుకుని ఉంటాయి, వేలితో వెతికినా దొరకవు.

పిల్లలకి వేరే: ఎముక లేని బ్రాయిలర్ తొడ మాంసం 100 గ్రాములు, తరిగిన ఉల్లిపాయ 1 టేబుల్ స్పూను, తొక్క తీసిన టమాటా సగం, అల్లం వెల్లుల్లి పావు టీస్పూను, పసుపు చిటికెడు, ధనియాల పొడి పావు టీస్పూను, నీళ్ళు అరకప్పు. చిన్న కుక్కర్‌లో సన్న సెగ మీద 3 కూతలు. ఆవిరి దానంతటదే పోయాక చిదిమి, కొబ్బరిపాలు 2 టేబుల్ స్పూన్లు వేసి ఒక్క పొంగు రానివ్వండి. రొమ్ము మాంసం ఎండిపోయి పీచుపీచుగా వస్తుంది, తొడ మాంసమే మెత్తన. చిదిమాక పీచుకి అడ్డంగా కత్తి ఆడించి సెంటీమీటరు ముక్కలు చేయండి. పొడవాటి పీచులు నోట్లో ఉండకట్టి పిల్లలకి వాంతి తెప్పిస్తాయి. లవంగం, యాలక్కాయ, మిరియం వేయాలనిపిస్తే గుడ్డలో మూటకట్టి వేసి తీసెయ్యండి.

గారెల పిండి ఉంది కాబట్టి పెద్దదానికి ఆవడలు కూడా. మిరియాలు, మిర్చి కలపకముందే గుప్పెడు పిండి తీసి, ఉసిరికాయంత చిన్నవి చిల్లు లేకుండా వేయించి, గోరువెచ్చని నీళ్ళలో పది నిమిషాలు నాననిచ్చి, పిండి, పల్చటి కమ్మటి పెరుగులో వేయండి. పైకరకర అంతా పోతుంది. పిండి సరిగ్గా రుబ్బిందా లేదా అంటే నీళ్ళలో చిన్న ముద్ద వేస్తే తేలాలి.

బెజవాడ_బేకింగ్ · డిసెంబర్ 20, రాత్రి 10:10

ప్లమ్ కేకు: రమ్‌లో నానిన పళ్ళతో చేసిందైతే పిల్లలకి ముక్క కూడా వద్దు. ‘ఓవెన్‌లో పెడితే మందంతా ఎగిరిపోతుంది’ అంటారు, ఎగిరిపోదు. అమెరికా వ్యవసాయ శాఖ పట్టిక ప్రకారం గంటసేపు వేడి మీద ఉన్నా దాదాపు పాతిక శాతం మిగులుతుంది. కాల్చాక పైన చల్లే రమ్ అయితే మొత్తం అలాగే ఉంటుంది. ‘రమ్ లేదు’ అని అట్ట మీద రాసి ఉన్నవి దొరుకుతాయి, వాటిల్లో మాత్రం పంచదార, టూటీఫ్రూటీ నిండా ఉంటాయి.

ఓవెన్ లేకపోయినా పాత కుక్కర్‌లో ఇంట్లోనే చేసుకోవచ్చు. గోధుమపిండి 1 కప్పు (120 గ్రాములు), బేకింగ్ పౌడర్ 1 టీస్పూను, సోడా పావు టీస్పూను, దాల్చినచెక్క పొడి పావు టీస్పూను, జాజికాయ చిటికెడు కన్నా తక్కువ. ఇవి రెండుసార్లు జల్లించండి. ఖర్జూరం గుజ్జు ముప్పావు కప్పు, పెరుగు పావు కప్పు, కరిగిన వెన్న పావు కప్పు, గుడ్డు 1 వేరే కలపండి. కమలారసంలో రాత్రంతా నానిన ఎండుద్రాక్ష 2 టేబుల్ స్పూన్లు తరిగి, కొంచెం పొడిపిండిలో దొర్లించి వేస్తే అడుక్కి దిగవు. రెండూ కలిపి, గట్టిగా అనిపిస్తే పాలు 2 టేబుల్ స్పూన్లు. ఎక్కువ కలిపితే కేకు రొట్టెలా సాగుతుంది.

కుక్కర్ గాస్కెట్, విజిల్ తీసి, అడుగున స్టాండు పెట్టి, నీళ్ళు పోయకుండా 10 నిమిషాలు వేడెక్కనివ్వండి. 15 సెం.మీ. గిన్నెలో పిండి పోసి సన్న సెగ మీద 35–40 నిమిషాలు. అరగంట దాకా మూత తీయకండి, తీస్తే నడుమ గుంట పడి మళ్ళీ లేవదు. ఖర్జూరం గుజ్జు నీళ్ళగా ఉన్నా అదే జరుగుతుంది. నీళ్ళు లేకుండా కుక్కర్‌ని కాల్చడం దానికి మంచిది కాదు, అందుకే పాతది అన్నా. ఇందులోనూ సోడా ఉంది కదా అని పిల్లల_పోషణ గారు నా మీద పడకముందే చెప్తా: ఎనిమిది ముక్కలకి పంచిన పావు టీస్పూను అది. చిన్నవాళ్ళకి ఒక ముక్కలో సగం చాలు. 24 మధ్యాహ్నమే చేసి పెట్టుకోండి, మర్నాడు ఇంకా మెత్తగా ఉంటుంది.

మెదక్_చలి · డిసెంబర్ 21, ఉదయం 7:15

ఇంట్లో టిఫిన్ తినే వీలున్నవాళ్ళ సంగతి సరే. మెదక్ చర్చికి వచ్చేవాళ్ళు తెల్లవారక ముందే బయల్దేరాలి. 1924 డిసెంబర్ 25న మొదలైన గుడి అది, ఇప్పటికీ క్రిస్మస్ మొదటి ఆరాధన చీకట్లోనే. అప్పటికి జనం కిక్కిరిసి ఉంటారు, చలి ముక్కు కోస్తుంటుంది. పిల్లల డబ్బా గురించి కొన్ని సంగతులు.

చలికి ఇడ్లీ గంటలో గట్టిపడుతుంది, పిండిపదార్థం చల్లారితే బిగుసుకుంటుంది. దించగానే కొంచెం నెయ్యి రాసి, తడిపి పిండిన మల్లు గుడ్డలో చుట్టి హాట్‌ప్యాక్‌లో పెట్టండి. అరటి పొంగనాలు చల్లారినా మెత్తగానే ఉంటాయి, ప్రయాణానికి ఇడ్లీకన్నా అవే నయం. పాయసం, కోడి, పెరుగు ఆవడ డబ్బాలో వద్దు. బయట రెండు గంటలు దాటితే పారెయ్యాల్సిందే. పాలు కాచి ఫ్లాస్కులో, కప్పు విడిగా. కప్పులో మిగిలిన ఎంగిలి పాలు మళ్ళీ ఫ్లాస్కులో పోయకండి.

బీట్‌రూట్‌ది మాత్రం ఇంట్లోనే. తెల్ల గౌను వేసి గులాబీ ఇడ్లీ చేతికిచ్చారో, ఫోటోల్లో గౌను మీద మచ్చే కనిపిస్తుంది. టిఫిన్ ముందు, కొత్త బట్టలు తర్వాత. మరక పడితే వెంటనే చన్నీళ్ళు.

పిల్లల_పోషణ · డిసెంబర్ 21, ఉదయం 9:30

మరక అన్నారు కాబట్టి ఇదీ చెప్పేస్తా: మర్నాడు డైపర్‌లో ఎర్రగా కనిపిస్తే హడలిపోకండి. బీట్‌రూట్ తిన్న కొందరికి మూత్రం, విరేచనం రెండూ ఎర్రబారతాయి, ఒకట్రెండు రోజుల్లో పోతుంది.

ఇక అసలు ప్రమాదం పళ్ళెంలో ఉండదు, హాల్లో ఉంటుంది. వచ్చిన ప్రతివారూ పిల్లల నోట్లో ఏదో ఒకటి పెడతారు. జంతికలు, గులాబీ పువ్వులు విరిగితే పెంకుల్లా గుచ్చుకుంటాయి. అరిసె సాగి అంగిట్లో అతుక్కుంటుంది. చారల పిప్పరమెంటు కర్ర, పాప్‌కార్న్, కేకు మీది వెండి గుండ్లు, మార్ష్‌మాలో, ఇవేవీ ఈ వయసుకి కావు. ద్రాక్ష అయితే నిలువుగా నాలుగు ముక్కలు. అడ్డంగా రెండు చేస్తే గుండ్రటి బిళ్ళే మిగిలి గొంతుకి బిరడాలా సరిపోతుంది. స్ట్రాబెర్రీ కూడా నిలువుగానే. చుట్టాలకి చెప్పడానికి మొహమాటమైతే పొంగనాల ముక్కలు ఓ గిన్నెలో వేసి హాల్లో బల్ల మీద పెట్టండి. పెట్టాలని చేతులు ఊరేవాళ్ళు అవే పెడతారు.

కూర్చోబెట్టే తినిపించాలి. చెట్టు చుట్టూ పరిగెడుతున్న పిల్లవాడి వెనక గిన్నె పట్టుకు తిరగొద్దు. దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గు రాక, గొంతు పెగలక, ముఖం నల్లబడుతుంటే ముందుకి వంచి రెక్కల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు. రాకపోతే, ఏడాది నిండినవాళ్ళకైతే, వెనకనుంచి పట్టుకుని బొడ్డుకి పైన పిడికిలితో లోపలికి, పైకి 5 సార్లు నొక్కాలి. ఇంకొకరు ఈలోగా 108కి ఫోన్ చేయాలి. కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

అమ్మమ్మ_పద్ధతి · డిసెంబర్ 21, ఉదయం 10:02

పొంగనాల గిన్నె ఉపాయం బాగుంది. తాతలకి ముందు నాలుగు పెట్టండి, లేకపోతే పిల్లలవి వాళ్ళే తినేస్తారు.

కొత్తపేట_సిస్టర్ · డిసెంబర్ 21, రాత్రి 9:35

అందరికీ చాలా థాంక్స్. వరస ఇలా రాసుకున్నా, తప్పుంటే దిద్దండి. 23 ఉదయం పప్పు నానబోసి రాత్రి ఇడ్లీ పిండి రుబ్బడం. 24 మధ్యాహ్నం పిండి ఫ్రిజ్‌లోకి, కేకు. సాయంత్రం బీట్‌రూట్ గుజ్జు, పాయసానికి ఖర్జూరం గుజ్జు, రాత్రి పెసలు నానబోయడం. గుజ్జు రాత్రే పిండిలో కలిపేస్తే పొద్దున్న పని తగ్గుతుందా?

తెనాలి_రోలు · డిసెంబర్ 21, రాత్రి 10:00

రెండు దిద్దుబాట్లు. పప్పు ఉదయం నుంచి రాత్రిదాకా నానక్కర్లేదు, మధ్యాహ్నం మూడింటికి పోయండి. ఎక్కువ నానితే పిండి పొంగదు, జారుతుంది. గుజ్జు రాత్రే కలపొద్దు, తెల్లారేసరికి పిండి పల్చబడి గాలి పోతుంది. ఫ్రిజ్‌లోంచి పిండి ఐదున్నరకే బయటపెట్టి, నీళ్ళు మరిగేటప్పుడు గుజ్జు వేసి, గరిటెతో అడుగునుంచి పైకి పదిసార్లు కలిపి వెంటనే పోసెయ్యండి. చల్లటి పిండి పోస్తే పదికి బదులు పదమూడు నిమిషాలు పడుతుంది, అప్పుడు రంగూ తగ్గుతుంది.

డాలస్_నాన్న · డిసెంబర్ 26, ఉదయం 5:50

పచ్చ చెట్టు నిలబడింది రోలు గారూ. బీట్‌రూట్ కలిపిన ఇడ్లీ పిండి ఓ కప్పు మిగిలింది, ఏం చేయాలి?

తెనాలి_రోలు · డిసెంబర్ 26, ఉదయం 8:15

ఈ రోజే ఊతప్పం పోసెయ్యండి. ఇడ్లీకి ఇక పొంగదు. పెనం మీద అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి, పర్లేదు. రేపటికి ఉంచకండి.